తొలిగంప సీడీలు

పోయిన నెల యాదిరెడ్డి బాపు పోయాడు. పన్నెండో రోజు భోజనాలయ్యాక ఆయన కొడుకు శ్రీధర్ నన్ను పక్కకు పిలిచి, శామీర్‌పేట కోళ్లషెడ్డును వచ్చే వారం కూలగొడుతున్నారని, చూడాలనుంటే ఇప్పుడే చూడమని చెప్పాడు. ఇద్దరం నడుచుకుంటూ వెళ్లాం. చుట్టూ విల్లాలు లేచాయి. వాటి పేర్లు చదువుకుంటూ పోతే ఏ ఇటలీలోనో దారి తప్పామనిపిస్తుంది. వాటి మధ్య మా రేకుల షెడ్డు, పిలవని పెళ్లికి వచ్చిన చుట్టంలా, ఎవరి కళ్లలోకీ చూడకుండా నిలబడి ఉంది. కోళ్లు ఖాళీ చేసి పాతికేళ్లు దాటినా వాసన ఇంకా ఖాళీ చెయ్యలేదు. తవుడు, చేపపొడి, సున్నం, వాటి కింద ఎక్కడో కాలిన వైరు. నా యవ్వనంలో నాలుగేళ్లు నేను ఈ వాసనలోనే కూర్చున్నాను. ఇంటికి వెళ్తే మా అమ్మ నన్ను గడపలోనే ఆపి, స్నానం చేస్తే తప్ప కొడుకని ఒప్పుకునేది కాదు. శ్రీధర్ కాసేపు గోడలను చూసి, “నాయిన లేడు గద. ఇగ రాస్తె రాసుకో,” అన్నాడు. ఇన్నేళ్లు నేను రాయకుండా ఉన్నది సోమరితనం వల్లేనని నా పాఠకులు అనుకుని ఉంటారు. తొంభై పాళ్లు అదే. మిగతా పది పాళ్లకు కారణం ఇది.

మాది మచ్చ బొల్లారం. నాన్న కుత్బుల్లాపూర్ దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేవాడు. నేను డిగ్రీలో చరిత్ర చదివాను. దానివల్ల ఉద్యోగం రాదని మా కాలేజీలో అందరికీ తెలుసు, నాకు తప్ప. శ్రీధర్ నా క్లాసులోనే ఉండేవాడు. పాఠాలు వినకుండా నోటుపుస్తకం వెనక పేజీల్లో గళ్లు గీసుకుని కోటలూ సైన్యాలూ కదిపేవాడు. తర్వాత అల్వాల్‌లో ఎవరి దగ్గరో పాత కంప్యూటరు సంపాదించి, అరువు పుస్తకాలతో ప్రోగ్రాములు రాయడం తనంతట తానే నేర్చుకున్నాడు. మేమిద్దరం సెలవులన్నీ పరదేశపు వ్యూహాల ఆటలతో గడిపాం. ఊళ్లు కట్టడం, పన్నులు వెయ్యడం, పక్క రాజ్యం మీదికి దండెత్తడం. ఆ ఆటలన్నీ సికింద్రాబాద్ ఫుట్‌పాత్ మీద కొన్న కాపీ సీడీలు. అట్టపెట్టెలో వచ్చే అసలు ఆటను మేము ఎప్పుడూ చూడలేదు; అలాంటివి ఉంటాయని విన్నాం. వాటిని చేసినవాళ్లకు ఏం ముడుతుందన్న ఆలోచన మాకు ఒక్క మధ్యాహ్నం కూడా రాలేదు. ఇది ముందే చెప్పెయ్యడం మంచిది. దొంగిలించబడ్డవాళ్ల కథ రాయబోతున్నాను కాబట్టి, అంతకుముందు మేము ఏ వైపు కూర్చున్నామో కూడా కనపడాలి.

ఆటను మేమే చేద్దామన్నది శ్రీధర్ ఆలోచన. పేరు ‘ఏడు చెరువులు’. ఒకదాని అలుగు నీళ్లు ఇంకోదానిలోకి పారే గొలుసుకట్టు చెరువులు ఏడు, ఒక్కో చెరువు కింద ఒక్కో ఊరు, ఊరికో దొర. ఆడేవాడు వాళ్లలో ఒకడు. తూము ఎప్పుడు ఎత్తాలి, కట్ట ఎంత పెంచాలి, కింది ఊరిని ఎండబెట్టాలా వాడితో పొత్తు పెట్టుకోవాలా, అదీ ఆట. ఒక్కో ఎత్తుకు ఒక్కో కార్తె గడుస్తుంది. మృగశిరలో చేసిన తప్పు స్వాతిలో తెలుస్తుంది. కత్తులు చాలా తక్కువ. కరువు చాలా ఎక్కువ. బొమ్మలు గీయడానికి కల్పన వచ్చింది. అల్వాల్ అమ్మాయి, చిత్రకళ చదివింది, రోజూ బస్సులో వచ్చేది. కార్తెలు, కౌళ్లు, నీటి తగాదాలు, వీటి సంగతులు సేకరించి రాయడం నా పని. చరిత్ర చదివిన నాకు జీవితంలో దొరికిన మొట్టమొదటి పని అదే. జీతం సంగతి అడగకపోతే మంచి ఉద్యోగం.

షెడ్డు ఇచ్చింది యాదిరెడ్డి బాపు. నాకు ఆయన స్నేహితుడి తండ్రే కానీ, ఊరంతా బాపు అంటే నేనూ బాపు అన్నాను. ఒకప్పుడు వాళ్లది ద్రాక్షతోట. బోర్లు ఎండిపోయాక పందిళ్లు పీకి కోళ్లు పెట్టాడు. కోళ్లకు రోగమొచ్చి ఊడ్చుకుపోయాక కొడుకు వచ్చి కంప్యూటర్లు అన్నాడు. ఆయన ఒక్కటే అడిగాడట: వాటికి మేత ఏం పెట్టాలని. పై చేను అమ్మి మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, సీడీలు రాసే యంత్రం తెప్పించాడు. కోళ్ల బోన్లు నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద తలుపుచెక్కలు పరిచి వాటిని కూర్చోబెట్టాం. పక్క పొలంలో మోటారు వేసినప్పుడల్లా మా కరెంటు బక్కచిక్కేది, తెరమీది చెరువులు వణికేవి. అందుకని ట్రాక్టరు బ్యాటరీ ఒకటి తగిలించాం. మధ్యాహ్నం ఇంట్లోంచి జొన్నరొట్టెలు, పచ్చిపులుసు వచ్చేవి. వాటి వెంట బాపు తల్లి లచ్చవ్వ వచ్చేది. ఎనభై దాటిన మనిషి. కల్పన పక్కన పీట వేసుకుని, తెర మీద కట్ట గీస్తుంటే, “గట్ల నిలువుగ గడ్తె రెండేండ్లకు తెగుతది బిడ్డా, వాలుగ గట్టు,” అని చెప్పేది. కల్పన తుడిచి వాలుగా గీసేది. మా ఆటలో కట్టలన్నీ లచ్చవ్వ లెక్క ప్రకారం కట్టినవే. ఒక్కటీ తెగలేదు.

బాపు అలవాటు ఒకటి ఇక్కడ చెప్పాలి. తోట ఉన్న రోజుల్లో తొలికోత పండు లారీ ఎక్కేది కాదు. ముందు ఇరవై ఒక్క గంపలు నింపాలి. బడి పంతులు, బోరు మెకానిక్కు, తూము చూసే నీరటి, వేరే ఊళ్లకిచ్చిన ఆడబిడ్డలు, అలా ఇరవై ఇళ్లకు ఇరవై. ఇరవై ఒకటోది ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లకు. గంపలో పేరు రాసిన చీటీ ఉండాలి. ఎవరికి పంపిందో పేరు లేకపోతే అది ఇచ్చినట్టు కాదు, పారేసినట్టు అనేవాడు. అన్నీ చేరినట్టు కబురొచ్చేదాకా మార్కెట్టుకు ఒక్క పండు పోదు. వడగళ్లు పడి సగం తోట రాలిన ఏడాది కూడా ఇరవై ఒక్క గంపలు పోయాయట, లారీ మాత్రం పోలేదు. కోళ్ల కాలంలో గంప పోయి గుడ్ల ట్రే వచ్చింది, చీటీ అలాగే ఉంది. ఆయనకు గుళ్లూ గోపురాలూ పెద్దగా పట్టవు. తన చేత్తో ఇచ్చింది ఎవరికీ చెరుపు చెయ్యదన్న ఒక్క నమ్మకం మీద మనిషి నడిచేవాడు. ఊళ్లో ఆయనకున్న మర్యాద అంతా ఆ నమ్మకానిదే.

ఆట పూర్తవుతున్న రోజుల్లో మాకున్న భయం ఒక్కటే, కాపీ. విదేశాల పెద్ద కంపెనీలకు ఇక్కడ పోయినా మరోచోట అమ్ముడవుతుంది. మాకున్న మార్కెట్టు ఈ నగరం, దాని చుట్టుపక్కల నాలుగు పట్టణాలు. అందుకని శ్రీధర్ ఒక తాళం ఆలోచించాడు. ఆటతోపాటు ఒక చిన్న పుస్తకం వస్తుంది. ప్రతి పేజీ అడుగున ఏడు చెరువుల లోతులు మూరల్లో ఉంటాయి. ఆట మొదలుపెట్టగానే, పన్నెండో పేజీలో మూడో చెరువు లోతెంత అని తెర అడుగుతుంది. చెప్పలేకపోతే తూము తెరుచుకోదు. పుస్తకాన్ని ముదురు ఎరుపు కాగితం మీద అచ్చువేయించాలని నిర్ణయం. జిరాక్సు తీస్తే మొత్తం నల్లగా వస్తుంది. చేతిలో పెట్టుకుని చదివినా సుమారుగా అంతే అనుకోండి. ఈ తాళం ఎవడో ఒకడు నెల రోజుల్లో విరగ్గొడతాడని శ్రీధర్‌కు తెలుసు. “నెల చాలు,” అనేవాడు. సికింద్రాబాద్‌లో ఒక హోల్‌సేల్ ఆయన మా పెట్టెలు తీసుకుని అన్ని దుకాణాలకూ వేస్తానన్నాడు. మొదటి నెలలో అమ్ముడైతే రెండో ఆటకు కూడా తనే పెట్టుబడి పెడతానన్నాడు. మా బతుకు ఆ ఒక్క నెలలో ఉంది.

పుస్తకం రాయాల్సింది నేను. రాశాను కూడా. కానీ ఉపోద్ఘాతం నాకు నచ్చలేదు. కార్తెల గురించి, కాకతీయుల నాటి నీటి పంపకాల గురించి నాకు తెలిసినదంతా మూడు పేజీల్లో ఇమడనంది. ఎనిమిదిసార్లు తిరగరాశాను. ఆటలు ఆడేవాళ్లెవరూ ఉపోద్ఘాతం చదవరని కల్పన మర్యాదగా రెండుసార్లు, మూడోసారి మర్యాద లేకుండా చెప్పింది. ప్రెస్సువాడు తన తేదీ దాటిందని ఇంకెవరివో పెళ్లిపత్రికలు ముందుకు జరిపాడు. పుస్తకం లేకపోతే తాళం పెట్టలేం. ఈలోగా బాపు కొబ్బరికాయ కొట్టే రోజు ఖాయం చేశాడు. ఆ రోజు తొలిగంప పోవాలి అన్నాడు. ఇరవై ఒక్క సీడీలు, ఒక్కోదానిలో పేరు.

శ్రీధర్ వారం ఆగుదామన్నాడు. తాళం లేని సీడీ బయటికి పోకూడదని అతనికి లోపల ఎక్కడో గట్టిగానే ఉంది. అతనికి సర్దిచెప్పింది నేను. బడి పంతులికీ నీరటికీ ఇస్తే ఏమవుతుందిరా, వాళ్లలో ఇద్దరి ఇళ్లలో తప్ప కంప్యూటర్లే లేవు అన్నాను. అది నిజమే. నిజం చెప్పి మనుషుల్ని ముంచవచ్చని అప్పటికి నాకు తెలియదు. కల్పన ద్రాక్షగంప బొమ్మ గీసింది. ఆట తెరవగానే ఆ గంప వస్తుంది, కింద ‘తొలిగంప’ అని, దాని కింద పేరు. ఒక్కో సీడీకి పేరు మార్చి, యంత్రంలో పెట్టి, ఇరవై ఒక్కటీ నేనే రాశాను. రెండు రోజులు పట్టింది. చివరిది ‘లచ్చవ్వకు’. బాపు తెల్ల పంచె కట్టుకుని స్కూటరు మీద ఇల్లిల్లూ తిరిగి పంచి వచ్చాడు. అవ్వ తన దాన్ని అటూ ఇటూ తిప్పి, అందులో తన మొహం చూసుకుని, దేవుడి గూట్లో పెట్టుకుంది. ఆమె దాన్ని పళ్లెం అనేది. నా మనుమడు జేసిన పళ్లెం.

పుస్తకం అచ్చయింది. తాళం పడింది. పెట్టెలు సికింద్రాబాద్ వెళ్లాయి. మొదటి వారం కొన్ని పోయాయి. రెండో వారం ఏమీ పోలేదు. మూడో వారం హోల్‌సేల్ ఆయన ఫోన్‌లో చాలా మృదువుగా మాట్లాడాడు, అది మంచి సూచన కాదని నాకనిపించింది. సరిగ్గా అప్పుడే, నేను పార్ట్‌టైమ్ పాఠాలు చెప్పే జూనియర్ కాలేజీలో ఒక పిల్లవాడు చెరువుల గురించి పరీక్షలో మా ఆటలోని మాటలు రాశాడు. నా ఉపోద్ఘాతంలోవి కావు, తెర మీదివి. ఎక్కడ ఆడావని అడిగితే అల్వాల్‌లో నెట్ సెంటరు పేరు చెప్పాడు.

శ్రీధర్, నేను ఓ మధ్యాహ్నం అక్కడికి వెళ్లాం. అల్వాల్ రైల్వేస్టేషన్ దారిలో, టైలరు దుకాణం మీద, ఆరు కంప్యూటర్లున్న ఇరుకు గది. ఆరింటిలో నాలుగింటి మీద మా చెరువులు. బడి ఎగ్గొట్టిన పిల్లలు, పాలిటెక్నిక్ కుర్రాళ్లు, ఒకడు పక్కవాడితో, “అరేయ్, ఉత్తర కార్తెల తూమెత్తకు, మునుగుతవ్,” అంటున్నాడు. శ్రీధర్ మొహంలో ఒక్క క్షణం సంతోషం కనపడింది. అది నేను మరిచిపోలేను. తను కట్టిన లోకంలో తనకు తెలియని మనుషులు తిరుగుతుంటే మొదటిసారి చూస్తున్నాడు. అంతలో ఇంకో కుర్రాడు వచ్చి కౌంటరు దగ్గర నిలబడి, “అన్నా, లచ్చవ్వ ఆట పెట్టవా,” అన్నాడు. సెంటరు ఆయన ఐదో కంప్యూటరులో సీడీ పెట్టాడు. ద్రాక్షగంప వచ్చింది. తొలిగంప. లచ్చవ్వకు.

శ్రీధర్ ఆ తెర ముందు నిలబడే ఉన్నాడు. ఎక్కడ కొన్నారని నేను అడిగాను. సెంటరు ఆయన ఏ దాపరికమూ లేకుండా చెప్పాడు. “ఫుట్‌పాత్ మీద, భయ్యా. మస్తు పోతాంది. పేరేందో వేరే ఉన్నదట, అందరు లచ్చవ్వ ఆటనే అంటరు. మీకు గావాల్నా, ఒకటి కొట్టిస్త.” కావాలన్నాడు శ్రీధర్. తన ఆట కాపీని తనే తెచ్చుకున్నాడు. బస్సులో దాన్ని చొక్కా లోపల పెట్టుకుని కూర్చున్నాడు, ఎవరైనా చూస్తారేమోనన్నట్టు.

ఇంట్లో దేవుడి గూడు ఖాళీగా ఉంది. అవ్వ దగ్గర కూర్చుని, నీ పళ్లెం ఏదవ్వా అని శ్రీధర్ అడిగాడు. ఆమెకు ఆ దుఃఖం ఇంకా తీరలేదు. “మీ నాయిననే ఇచ్చిండు బిడ్డా. అల్వాల్‌ల కంప్యూటర్లు నేర్పే మన చుట్టపాయన వచ్చిండు. అన్ని పంచుడైపోయినయి. వట్టి చేతులతోని ఎట్ల తోల్తనే అని నాదే తీసిచ్చిండు. నువ్వేం జేసుకుంటవ్ అన్నడు. నేనేం జేసుకుంటె నీకెందుకురా అంటి.” అంతే సంగతి. ఆ చుట్టపాయన కూడా చెడ్డవాడు కాదని తర్వాత తెలిసింది. మా చుట్టాల పిల్లగాడు చేసిన ఆట అని గొప్పగా తన ఇన్‌స్టిట్యూట్‌లో అన్ని కంప్యూటర్లకూ ఎక్కించాడు, అడిగిన ప్రతి విద్యార్థికీ ఒక కాపీ చేసి ఇచ్చాడు. పైసా తీసుకోలేదు. వాళ్లలో ఎవడో ఫుట్‌పాత్‌కు చేర్చాడు. అక్కణ్నుంచి నగరమంతా మా ఆటను తెరిచి, తనను లచ్చవ్వ అని పిలిపించుకుంది. వేలమంది లచ్చవ్వలు. ఒక్కరి దగ్గరా ఎర్ర పుస్తకం లేదు.

ఇంటి బయటికి వచ్చాక శ్రీధర్ అన్నది ఒక్క మాటే. “నాయినకు తెల్వొద్దు.” నేను సరేనన్నాను. పై చేను అమ్మి మాకు పెట్టిన మనిషి. తన చేత్తో ఇచ్చింది చెరుపు చెయ్యదని నమ్మిన మనిషి. గూట్లోంచి తీసి ఇచ్చిన ఆ ఒక్కటే కొడుకు ఆటను తినేసిందని తెలిస్తే ఆయన ఏమవుతాడో ఊహించడానికి వ్యూహాల ఆటలు రాయనక్కర్లేదు. ఇంట్లో కంప్యూటరు లేదు కనుక ఆయన ఆ తెర చూసే ప్రమాదం లేదనుకున్నాం. ఊళ్లో పిల్లలు లచ్చవ్వ ఆట అంటుంటే బాపు విన్నాడు కూడా. తన తల్లి మీద గౌరవంతో పేరు పెట్టుకున్నారనుకుని మీసం దువ్వుకున్నాడు.

కానీ దొంగ కాపీల సంగతి ఎంతోకాలం దాగలేదు. హోల్‌సేల్ ఆయన పెట్టెలన్నీ వ్యానులో తిప్పి పంపాడు. వ్యాను వాకిట్లోకే వచ్చింది. బాపుకు ఉన్నది ఉన్నట్టు చెప్పాల్సి వచ్చింది, ఎవడో కాపీ కొట్టాడని. ఎవడన్నది తప్ప. ఆయన మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. తర్వాత ముల్లుకర్ర పట్టుకుని సికింద్రాబాద్ పోయి ఫుట్‌పాత్‌ల మీద నిలబడి ఒక్కొక్క సీడీల బండివాణ్ని అడిగాడు, మా కొడుకు ఆట మీకెవడు ఇచ్చిండని. వాళ్లు ఆయనకు టీ తాగించి పంపారు. అక్కడ పని కాదని తెలిశాక తనకున్న పరిచయాలన్నీ తిరగేశాడు. మండలంలో నాయకులు ఆయనతో చిన్నప్పుడు ఈత కొట్టినవాళ్లు. ఒక ఇన్‌స్పెక్టరు, రేపు పొద్దున కొడుకునూ కాపీ సీడీనీ తీసుకురమ్మన్నాడు. అక్కడే కంప్యూటరులో పెట్టి చూస్తాం, ఎక్కణ్నుంచి మొదలైందో తవ్వి తీస్తాం అన్నాడు. ఆట శ్రీధర్ పేరు మీద ఉంది. సంతకం అతనే పెట్టాలి.

పొద్దున్నే బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని షెడ్డుకు వచ్చాడు. కల్పన, నేను అక్కడే ఉన్నాం. సీడీ పెడితే ద్రాక్షగంప వస్తుంది. కింద పేరు వస్తుంది. ఆ పేరుతో సీడీ ఒక్కటే ఉండేదని, అది ఎవరి చేతి మీదుగా పోయిందో కూడా తెలిసిన మనిషి, మాకు తెలియకుండా దాన్ని తనే ఇచ్చిన మనిషి, స్కూటరు తాళం చెవి వేళ్లతో తిప్పుతూ ఎదురుగా నిలబడి ఉన్నాడు. శ్రీధర్ కుర్చీలోంచి లేవలేదు. నేను రాను నాయినా అన్నాడు. ఎందుకని అడిగితే, కేసులు గీసులు నాతోని కాదు అన్నాడు. బాపు బతిమాలాడు. ఆయన బతిమాలడం నేను అదే మొదటిసారి చూడటం. “నేనున్న గదరా. నువ్వు సంతకం బెట్టు, మిగిలింది నేను జూస్కుంట.” శ్రీధర్ తెర వైపు తిరిగి ఏదో టైపు చేస్తున్నట్టు చేశాడు. కరెంటు లేదు అప్పుడు. బాపు మా ఇద్దరి వైపూ చూశాడు. “మీరు గూడ చెప్పరా వీనికి,” అన్నాడు. కల్పన ఏడ్చింది. నేను గోడనున్న సున్నం చూశాను. బాపు “పిరికోని కోసం చేను అమ్మిన,” అని, స్కూటరు తోసుకుంటూ వెళ్లిపోయాడు. స్టార్టు చెయ్యలేదు. గేటుదాకా తోసుకుంటూనే వెళ్లాడు.

రెండో ఆట కథ మా దగ్గర సగం దాకా ఉండేది. అది సగం దాకానే ఉంది. కల్పన తర్వాత పిల్లల కార్టూన్లు గీసే పెద్ద కంపెనీలో చేరి, పరదేశపు ఉడుతలకు తోకలు గీసింది. కుత్బుల్లాపూర్‌లో ఇద్దరు అన్నదమ్ములు ఇలాంటి ఆటే ఒకటి మొదలుపెట్టి, మా సంగతి విని, తెలివిగా మధ్యలోనే మానుకున్నారు. మిగిలిన సీడీలను శ్రీధర్ జామతోటలో చెట్లకు దారంతో వేలాడదీశాడు, చిలకలు రాకుండా. ఎండలో తళతళమనేవి. చిలకలు మా సీడీలను కాపీ కొట్టలేదని మాత్రం చెప్పగలను. శ్రీధర్ ఇప్పుడు వెంచర్లకు లేఅవుట్లు గీస్తాడు. మేడ్చల్ రోడ్డు పొడుగునా చెరువు నీళ్లు నిలిచే శిఖం భూముల దాకా వచ్చిన ప్లాట్లలో కొన్ని అతని చేతి గీతలే. ఏ గీత గీస్తే ఏ కార్తెలో ఎవరి ఇంట్లోకి నీళ్లొస్తాయో ఈ పనిలో అతనికన్నా బాగా తెలిసినవాడు లేడు. చెప్తే వినేవాడూ లేడు.

తండ్రీకొడుకులు ఒకే ఇంట్లో ఉండి ఏళ్ల తరబడి మాట్లాడుకోలేదు. నిజానికి మాట్లాడుకునేవాళ్లు, మోటారు వేశావా, కరెంటు బిల్లు వచ్చిందా, డాక్టరు దగ్గరికి ఎప్పుడు. బాపు ఎవరి ముందైనా కొడుకు ప్రస్తావన వస్తే, “వాడు సాధువు, పాపం,” అనేవాడు. మా వైపు సాధువంటే చేతగానివాడని; ఆ మాటలో ఎంత విషముందో తెలిసినవాళ్లకు తెలుసు. శ్రీధర్ విని ఊరుకునేవాడు. అవ్వ పోయింది. తొలిగంప ఆగిపోయింది. ఇవ్వడానికి ఇంట్లో ఏమీ పండటం లేదని బాపు అనేవాడు. అప్పుడప్పుడు ఏ బ్యాంకులోనో, ఏ ఆసుపత్రిలోనో నలభై దాటినవాళ్లు నా పేరు విని, ఆ ఆట మీదేనా సార్ అని చేతులు పట్టుకుంటారు. ఒక బ్యాంకు మేనేజరు లేచి నిలబడి, చిన్నప్పుడు లచ్చవ్వ ఆట వల్లే నాకు లెక్కలొచ్చాయి సార్, అట్లాంటిది మళ్లీ ఎందుకు చెయ్యలేదు అని నిజంగా బాధపడుతూ అడిగాడు. మంచివాడు. కారణం తనేనని ఎలా చెప్తాం. నేనూ ఆ వయసులో అసలు సీడీ కొని ఎరగను. ఇప్పుడు ఆటలు ఫోన్లలో ఉచితంగా వస్తున్నాయి, ఎవరూ దొంగిలించనక్కర్లేదు. దొంగిలించాలనిపించే ఆట వాటిలో నాకు ఒక్కటీ కనపడలేదు. అది ముసలితనం కావచ్చు.

రెండేళ్ల కింద బాపుకు పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. మాట మాత్రం మిగిలింది. ఒక పొద్దున చూడటానికి వెళ్తే, శ్రీధర్ మందుల దుకాణానికి పోయాడు, గదిలో ఇద్దరమే. ఆయన నన్ను మంచం దగ్గరికి జరగమన్నాడు. “నువ్వు చదువుకున్నోనివి. నాతోని అబద్ధమాడవు,” అన్నాడు. ఆ రెంటికీ సంబంధం ఉంటుందనుకునే తరం ఆయనది. “ఒక్కటే చెప్పు. గా దినం మావోడు స్టేషన్‌కు ఎందుకు రాలే?”

చెప్పడానికి నా దగ్గర చాలా ఉన్నాయి. నా పుస్తకం ఆలస్యమైందని చెప్పొచ్చు. ఎనిమిదిసార్లు రాసిన ఉపోద్ఘాతం గురించి, శ్రీధర్ వద్దన్నా నేను సర్దిచెప్పిన మాట గురించి. గూడు గురించి చెప్పొచ్చు. ఆయన కళ్లు నా మొహం మీదే ఉన్నాయి.

“భయపడ్డడు బాపూ,” అన్నాను.

“గంతేనా?”

“గంతే.”

ఆయన పైకప్పు వైపు చూశాడు. కళ్లలోంచి నీళ్లు చెవి దాకా జారాయి. కుడిచెయ్యి ఎత్తి తుడుచుకున్నాడు. “నేను వేరే అనుకున్న. వాడే ఎవనికన్న అమ్ముకున్నడేమో, బయటపడ్తదని దాస్తున్నడేమో అని. ఇన్నేండ్లు గదే తొలుస్తాంది లోపట. ఎవనికి చెప్పుకుంట. భయపడ్డడా. అయితే అయిపాయె,” అన్నాడు. నా అబద్ధంలో నేను దాక్కోవడానికి కూడా చోటుంది, దాక్కున్నాను.

శ్రీధర్ మందుల సంచితో వచ్చాడు. బాపు అతన్ని మంచం మీద కూర్చోమన్నాడు. ఆ మంచం మీద అతను కూర్చుని ఎన్నేళ్లయిందో నాకు తెలియదు. బాపు పనిచేసే చేతిని కొడుకు మోకాలి మీద వేశాడు.

“భయమయ్యిందారా?”

శ్రీధర్ నా వైపు చూశాడు. నేను తలుపు వైపు చూశాను.

“అవు నాయినా,” అన్నాడు. “మస్తు భయమయ్యింది.”

“గా ముక్క అప్పుడే చెప్తే అయిపోవు గదరా,” అన్నాడు బాపు.